మాఘమాసంలో అరకు నుంచి అంతర్వేది దాకా: చలి, తిథి, పక్షులు చూసుకుని టూర్ వేసుకునే పద్ధతి

ఒక ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని అరకు వెళ్లాను. వలిసె పూల చేలో పసుపు సముద్రం మధ్య నిలబడి ఫొటో దిగాలని మా ఆవిడ ఎప్పట్నుంచో అడుగుతోంది. తీరా వెళ్తే చేలన్నీ కోసేసి ఉన్నాయి. టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతూ నవ్వింది: "ఇప్పుడొచ్చేరేటి బాబూ, పూలు సంక్రాంతి ముందే అయిపోనాయి కదా!" అక్కడి నుంచి శ్రీకాకుళం దిగితే మర్నాడు రథసప్తమట. ఊళ్లో ఒక్క గది దొరకలేదు. ముందే మాట్లాడుకున్న లాడ్జివాడు కూడా "పెళ్లివాళ్లు తీసేసుకున్నారండీ" అని చేతులెత్తేశాడు. ఆ రాత్రి పిల్లలతో బస్టాండులోనే కూర్చున్నాం.

తర్వాత ఆలోచిస్తే రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. మన పండుగలు చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తాయి. చలి, పంటలు, పూలు, పక్షులు సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి. మాఘమాసం టూర్ అంటే ఈ రెండు లెక్కలూ కలిసే రోజులు వెతుక్కోవడమే. ఆ తర్వాత నేను నాలుగైదుసార్లు ఇదే దారిలో తిరిగాను. ఇప్పుడు ఏ వరసలో ప్లాన్ చేస్తానో చెబుతాను. తేదీలకు 2027 సంవత్సరాన్ని తీసుకుంటున్నాను. పద్ధతి మాత్రం ఏ ఏడాదికైనా ఇదే.

1. ముందు తిథి పట్టుకోండి, సెలవు తర్వాత

చాలామంది సెలవులు ఖాయం చేసుకుని ఆ రోజుల్లో ఏ పండుగ ఉందో చూస్తారు. మాఘంలో అలా కుదరదు. ఈ నెలలో మనకు కావలసినవి నాలుగు తిథులు: శుద్ధ సప్తమి (రథసప్తమి), శుద్ధ దశమి (అంతర్వేది కల్యాణం), శుద్ధ ఏకాదశి (భీష్మ ఏకాదశి), బహుళ చతుర్దశి (మహాశివరాత్రి). రథసప్తమికీ శివరాత్రికీ మధ్య సుమారు మూడు వారాలు. ఆ మూడు వారాలే మన ఆటస్థలం.

ఈ తేదీలు ఏటా ఎలా జరుగుతాయో తెలిస్తే సగం పని అయినట్టే. చాంద్రమానం ఏడాదికి 354 రోజులే కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి వస్తుంది. మధ్యలో అధికమాసం పడితే ఒక్కసారిగా పంతొమ్మిది రోజులు ముందుకు దూకుతుంది. రథసప్తమినే చూడండి. 2025లో ఫిబ్రవరి 4, 2026లో జనవరి 25. 2026లో అధిక జ్యేష్ఠం పడింది కాబట్టి 2027లో ఫిబ్రవరి 13. అదే వరసలో 2027 భీష్మ ఏకాదశి ఫిబ్రవరి 17న, శివరాత్రి మార్చి 6న వస్తాయి. మీ ఇంటి పంచాంగంతో ఒకసారి సరిచూసుకోండి. సూర్యోదయానికి ఏ తిథి ఉందన్న లెక్కలో పంచాంగానికీ పంచాంగానికీ ఒక రోజు తేడా రావడం మామూలే. ఆ తేడా వచ్చిన ఏడాది మీరు వెళ్లే గుడివాళ్లు ఏ రోజు చేస్తున్నారో అదే లెక్క, మీ గోడ మీది క్యాలెండర్ కాదు.

2. ఆ తేదీకి చలి ఎంత మిగిలి ఉంటుందో అంచనా వేయండి

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు. శివరాత్రి ఫిబ్రవరి మధ్యలో వచ్చిన ఏడాది ఆ మాట కొంచెం తొందరపాటుగా అనిపిస్తుంది, మార్చిలో వస్తే అప్పటికే చలి ఊరు దాటి ఉంటుంది. పండుగ తేదీ పక్కకు జరుగుతుంది కానీ చలి జరగదు. జనవరి ఆఖర్లో రథసప్తమి పడితే అరకులో ఉదయాలు పళ్లు కటకటలాడిస్తాయి. 2027లో లాగా ఫిబ్రవరి రెండో వారం దాటి పడితే తెల్లవారుజామున శాలువా, పదకొండింటికి టోపీ, మధ్యాహ్నం చెట్టు నీడ.

విశాఖ తీరం చూసి అరకు చలిని అంచనా వేయడానికి ఒక చిట్కా ఉంది. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అరకు లోయ తొమ్మిది వందల మీటర్ల చిల్లర ఎత్తున ఉంది. కాబట్టి విశాఖలో రాత్రి 19 డిగ్రీలుంటే అరకులో 13 అనుకోవచ్చు. నిజానికి ఇంకాస్త తక్కువే ఉంటుంది, ఎందుకంటే రాత్రిపూట చల్లబడ్డ గాలి కొండల మీది నుంచి జారి లోయ అడుగున చేరుతుంది. పొగమంచు పుట్టేదీ అక్కడే. ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి ఆడకుండా, నేలలో తడి ఉండి తీరాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా చింతపల్లి దగ్గర మంచుకు పేరున్న లంబసింగికి తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్లినా ఉత్త చీకటే కనిపిస్తుంది.

మేఘాల సముద్రం చూడాలని పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కేవాళ్లకు నా సలహా: నవంబర్ నుంచి జనవరి దాకా అయితే వెళ్లండి. ఫిబ్రవరి మధ్యకు వస్తే అది అదృష్టం మీద పందెం. ఆ ఒక్కదాని కోసమే టూర్ పెట్టుకోకండి.

ఇంకో మంచి సంగతి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా అక్టోబర్-డిసెంబర్ మధ్య, ఏప్రిల్-మే నెలల్లో వస్తాయి. ఫిబ్రవరి ప్రశాంతం. తీరం వెంట టూర్ వేసుకోవడానికి ఏడాదిలో ఇంతకన్నా టెన్షన్ లేని నెల నాకు తెలియదు.

3. ఏవి అయిపోయాయి, ఏవి ఉన్నాయి: ఒక కాగితం మీద రాసుకోండి

నేను తిన్న దెబ్బ మీరు తినకుండా ఉండాలంటే ఈ కాగితం తప్పనిసరి.

అయిపోయినవి: వలిసె పూలు, సీతాఫలాలు, ధాన్యం కోతలు. ఇంకా రానివి: తాటిముంజలు, మామిడిపళ్లు. పులస గురించి అడగనే వద్దు, అది గోదావరికి వరద నీరు వచ్చినప్పటి మాట.

ఉన్నవే ఎక్కువ. అనంతగిరి, అరకు తోటల్లో కాఫీ కోత ముగింపుకొచ్చి గింజలు కల్లాల్లో ఎండుతుంటాయి. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు గుత్తులతో ఉంటాయి. లంబసింగి, చింతపల్లి వైపు స్ట్రాబెర్రీ తోటలు. మైదానంలో మామిడి పూత వాసన. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం పొయ్యిలు మండుతుంటాయి. ఏజెన్సీ అడవుల్లో ఆకు రాల్చిన మోదుగ చెట్లు నిప్పురంగు పూలు తొడుక్కునే వేళ ఇది. కోనసీమలో దాళ్వా (రెండో పంట) వరి చేలు పచ్చగా ఉంటాయి. సంతల్లో తేగలు (తాటి మొలకలు) కట్టలు కట్టలుగా దొరుకుతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు (పెలికన్లు) ఇంకా గూళ్లలోనే ఉంటాయి.

4. దారి వేసుకోండి

అందరికీ ఒకే దారి నచ్చదు కానీ నా లెక్క ఇది: కొండ ముందు, గుడి తర్వాత, నది ఆఖరున. చలి రోజురోజుకీ తగ్గుతుంది కాబట్టి చలి కావలసిన చోటికి ముందే వెళ్లిపోవాలి. పైగా సప్తమి తర్వాత మూడో రోజు దశమి, నాలుగో రోజు ఏకాదశి. అంటే శ్రీకాకుళంలోని అరసవల్లి సూర్యుడి గుడి నుంచి, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న అంతర్వేది నరసింహస్వామి గుడికి తిథులే దారి చూపిస్తాయి.

*అరకు (2027 ఫిబ్రవరి 10, 11).* విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజర్ ఎక్కండి. సొరంగాలు దాటుతూ మూడున్నర నాలుగు గంటలు సాగే ఆ ప్రయాణమే సగం టూర్. అద్దాల విస్టాడోమ్ పెట్టె బాగానే ఉంటుంది కానీ నా ఓటు కిటికీ తెరుచుకునే మామూలు పెట్టెకే. శిమిలిగూడ దగ్గర లోపలికొచ్చే చల్లగాలి ఏసీ అద్దం వెనక కూర్చుంటే తెలియదు. మొదటిరోజు అరకు, రెండోరోజు బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు. సంత ఏ రోజో ముందే అడిగి ఆ రోజు అక్కడ ఉండేలా చూసుకోండి. రాజ్మా, మిరియాలు, పసుపు అక్కడే కొనుక్కోవచ్చు. బొంగు చికెన్ రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతుంది. మీ కళ్ల ముందు బొంగులో కూరి నిప్పుల్లో పెట్టినదే తినండి.

*శ్రీకాకుళం (12, 13, 14).* 12న మళ్లీ విశాఖ దిగాల్సిన పని లేదు. శృంగవరపుకోట, విజయనగరం మీదుగా రోడ్డున వెళ్తే నాలుగైదు గంటలు. రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సింది శ్రీకాకుళం రోడ్ స్టేషన్. అది ఆమదాలవలసలో ఉంది, ఊళ్లోకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో రావాలి.

అరసవల్లిలో రథసప్తమి అసలు సందడి ముందురోజు అర్ధరాత్రే మొదలవుతుంది. క్షీరాభిషేకం, ఆ తర్వాత స్వామి నిజరూప దర్శనం. 2025 నుంచి దీన్ని రాష్ట్ర పండుగగా చేస్తున్నారు కాబట్టి జనం ఇంకా పెరిగారు. మీ ముందు రెండు దారులున్నాయి. అర్ధరాత్రి క్యూలో నిలబడటం ఒకటి, మర్నాడు మధ్యాహ్నం తర్వాత వెళ్లడం ఇంకొకటి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే రెండోదే మంచిది. నేను ఒకసారి అర్ధరాత్రి నిలబడ్డాను. చెప్పులు లేకుండా సిమెంటు నేల మీద మూడు గంటలు. చలి తలకెక్కదు, అరికాళ్లలోంచి పైకి పాకుతుంది. నా పక్కన నిలబడ్డ ముసలాయన పాత కండువా మడిచి పాదాల కింద వేసుకుని, క్యూ కదిలినప్పుడల్లా కాలితో దాన్ని ముందుకు తోసుకుంటూ వెళ్లాడు. అప్పట్నుంచి నా సంచిలో ఒక పాత తువ్వాలు ఉంటుంది.

తెల్లారాక వీధుల్లో నడవండి. నాకు గుడిలోపలికన్నా ఇదే ఎక్కువ గుర్తుంది. చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెలు గుచ్చి బుల్లి రథం చేస్తారు. ఎండ పడే చోట పిడకల మీద పొంగించిన పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో పెట్టి నివేదన చేస్తారు. పిడకల పొగ, బెల్లం వాసన కలిసి వీధంతా ఉంటుంది. గదిలో స్నానం చేసేవాళ్లు ఏడు జిల్లేడాకులు, రేగుపళ్లు ముందురోజే సంపాదించుకోండి. పొద్దున్నే వెతికితే ఊరంతా అవే వెతుకుతుంటుంది.

ఒక అపోహ. సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది రథసప్తమినాడే అనుకుని వచ్చేవాళ్లు ఏటా కనిపిస్తారు. అది మార్చి, అక్టోబర్ నెలల్లో కొద్దిరోజులు మాత్రమే జరుగుతుంది. మార్చిలో 9, 10 తేదీల వేళ. ఒకే గుడి, రెండు లెక్కలు. రథసప్తమిది చంద్రుడి లెక్క కాబట్టి తేదీ మారుతుంది, కిరణాలది సూర్యుడి లెక్క కాబట్టి మారదు. ఇందులోంచే 2027కి ఇంకో చక్కటి టూర్ వస్తుంది. శివరాత్రి మార్చి 6న పడింది. ఆ రోజుకి వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చేరండి. తర్వాత రెండు రోజులు శ్రీకూర్మం, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం తీరం చూసుకోండి. 9వ తేదీ తెల్లవారకముందే అరసవల్లిలో ఉండండి. తూర్పున మబ్బు పట్టకపోతే రెండూ దక్కుతాయి. ఫిబ్రవరి మధ్యలో శివరాత్రి వచ్చే ఏడాది ఈ రెండూ కలవవు.

మన టూర్‌లోకి వద్దాం. 14న పొద్దున్నే తేలినీలాపురం వెళ్లండి. టెక్కలి దగ్గర, నౌపడ వైపు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇవి సెప్టెంబర్ వేళకు వచ్చి ఎండలు ముదిరే లోపు వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని అక్కడ చాలామంది చెబుతారు. ఆ మాట నిజం కాదు. ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా వైపు ఉండేవే, తిండీ నీళ్లూ చూసుకుని చోటు మారుస్తుంటాయి. అయినా ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారన్నది మాత్రం నిజం. ఫిబ్రవరిలో వెళ్తే ఎదిగిన పిల్లలు కనిపిస్తాయి. తల్లి గూటి మీద వాలగానే పిల్ల దాని నోటి సంచిలోకి మెడదాకా తల దూర్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి పిల్లను మింగేస్తోందని మా అబ్బాయి గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి చెట్టు మీది పక్షులన్నీ లేచాయి, నాకు తల కొట్టేసినట్టయింది. కాబట్టి మెల్లగా మాట్లాడండి. చెట్టు కింద నిలబడకండి, బట్టల మీద రెట్ట పడితే ఆ వాసన ఒక పట్టాన వదలదు.

*అంతర్వేది (15, 16, 17).* శ్రీకాకుళం రోడ్ నుంచి రాజమండ్రి లేదా తాడేపల్లిగూడెం దాకా రైలు, అయిదారు గంటలు. బస పాలకొల్లులోనో రాజోలులోనో పెట్టుకోండి. పాలకొల్లులో అయితే పంచారామాల్లో ఒకటైన క్షీరారామం పక్కనే ఉంటుంది. అంతర్వేదిలోనే గది కావాలని పట్టుపట్టకండి, ఆ రెండు రోజులూ అక్కడ ఇంచు జాగా ఉండదు.

దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, ఏకాదశి మధ్యాహ్నం రథం. రెండింట్లో ఒకటే చూడగలిగితే రథానికి వెళ్లండి. కల్యాణం చాలాచోట్ల చూస్తాం. సముద్రం హోరు వినబడుతుంటే, ఇసుక కలిసిన నేల మీద అంత రథాన్ని జనం లాగడం వేరు. వెళ్లడానికి నరసాపురం నుంచి పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరడం ఒక దారి. పిల్లలకు ఇదే నచ్చుతుంది. పంటు రేవులో క్యూ పెరిగిపోతే చించినాడ వంతెన మీదుగా దిండి, మలికిపురం చుట్టి రావచ్చు. పండుగ రోజుల్లో బళ్లను ఊరికి దూరంగానే ఆపేస్తారు, రెండు మూడు కిలోమీటర్లు నడవడానికి సిద్ధపడండి. రథం కదిలాక జనం అంతా అటుంటారు కాబట్టి అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర కాస్త ఖాళీ దొరుకుతుంది. గోదావరి నీళ్లు, సముద్రం నీళ్లు కలిసే గీత అక్కడ చూడాలి.

అయిదు రోజులే సెలవుంటే అరకు వదిలేయండి. తిథులు మీకోసం ఆగవు, అరకు ఎక్కడికీ పోదు.

5. టికెట్లు, గదులు

రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. ఫిబ్రవరి 10 ప్రయాణానికి డిసెంబర్ 12. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ముందు ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జత చేసుకోండి.

గదుల విషయంలో పండుగ జనం కన్నా పెద్ద పోటీ పెళ్లివాళ్లే. మాఘం ముహూర్తాల నెల. చిన్న ఊళ్లలో లాడ్జి మొత్తం మగపెళ్లివారికి రాసిచ్చేస్తారు. నా అనుభవంలో ఫోన్ మాట చాలదు. కొంత డబ్బు ముందే పంపి, రసీదో కనీసం వాట్సాప్‌లో ఒక మెసేజో తీసుకోండి. బయలుదేరే రెండు రోజుల ముందు మళ్లీ ఫోన్ చేసి "గది మా పేరు మీదే ఉందిగా?" అని అడగండి. సిగ్గుపడకండి.

తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. సరి సంవత్సరాల్లో మాఘ పౌర్ణమి వేళ మేడారం జాతర ఉంటుంది. ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులు పెద్ద సంఖ్యలో అటు మళ్లుతాయి. 2027లో ఆ బాధ లేదు, 2028లో ఉంటుంది.

పిల్లలు ఇంటర్‌లోనో పదిలోనో ఉంటే ఈ టూర్ ఆ ఏడాదికి మర్చిపోవడమే. పరీక్షలు నెత్తి మీద ఉండగా గూడబాతులు చూపిస్తానంటే ఇంట్లో యుద్ధమే.

6. సంచిలో ఏముండాలి

లావు స్వెట్టర్ ఒకటి తేవడం కన్నా పలచటివి రెండు తెచ్చుకోండి. పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. మంకీ క్యాప్ చూసి పిల్లలు నవ్వినా అరకులో వాళ్లే లాక్కుంటారు. గుడి క్యూకి పాత తువ్వాలు. పక్షులకి బైనాక్యులర్ ఉంటే సరి, లేకపోతే కొనక్కర్లేదు, చెట్లు దగ్గరే. ఉబ్బసం ఉన్నవాళ్లు మందు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, పొగమంచు ఉదయాలు వాళ్లకు పడవు.

7. ఆఖరి వారం

వారం ముందు నుంచి వాతావరణ శాఖ సూచన చూడండి. అంతకుముందు చూసి కంగారు పడటం దండగ. పగటి ఎండ కన్నా కనిష్ఠ ఉష్ణోగ్రత, గాలి వేగం చూడండి. గాలి తక్కువ, ఆకాశం నిర్మలం అని ఉంటే అరకులో మంచు దొరుకుతుంది, అలాగే హైవే మీద కూడా దొరుకుతుంది. సొంత బండి అయితే ఆ రోజుల్లో పొద్దున ఎనిమిది లోపు బయలుదేరకండి. సాయంత్రం సంగతీ గుర్తుంచుకోండి. శ్రీకాకుళం వైపు ఆరింటికల్లా పొద్దు వాలిపోతుంది, హైదరాబాద్ లెక్కలో ఇంకా వెలుగుంటుందనుకుని ఘాట్ రోడ్డెక్కితే చీకట్లో దిగాలి.

తిరుగు ప్రయాణంలో రాజోలు, పాలకొల్లు సెంటర్లలో తేగల కట్టలు కనిపిస్తే రెండు తీసుకోండి. కాల్చినవైతే రైల్లోనే తినేయొచ్చు. పై తొక్క లాగి, నిలువునా చీల్చి, మధ్యలో ఉండే పుల్లలాంటి చందమామను తీసి పక్కన పెట్టాలి. మా ఇంట్లో దాని కోసమే కొట్లాట.